గోరఖ్‌పూర్ - సోనౌలీ బార్డర్ రోడ్డు: సంక్రాంతి సెలవుల్లో పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

బెజవాడ బుల్లోడు:
నమస్తే అండీ. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలతో నేపాల్ ప్లాన్. విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడ ట్యాక్సీ మాట్లాడుకుని నేపాల్ బార్డర్ ఊరు సోనౌలీ, అటునుంచి లుంబినీ, పోఖరా, వీలైతే ముక్తినాథ్. మ్యాప్‌లో బార్డర్ దాకా వంద కిలోమీటర్ల లోపే చూపిస్తోంది కాబట్టి రైలు ఎంత రాత్రికి చేరినా దిగగానే బయల్దేరితే తెల్లారేసరికి లుంబినీలో ఉంటామని నాన్న లెక్క. అమ్మ దగ్గర ఆధార్ ఒక్కటే ఉంది. అక్క కొడుకు కూడా వస్తున్నాడు, వాడిది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇచ్చే కార్డు) ఉంది. రోడ్డు ఎలా ఉంటుంది? అదే ట్యాక్సీ బార్డర్ దాటుతుందా? ఇంకో డౌట్, ఈ రోడ్డు నంబర్ ఎన్‌హెచ్ 24 అంటున్నారు, అలా వెతికితే ఢిల్లీ - లక్నో రోడ్డు వస్తోందేంటి?

తూర్పు యూపీలో తెలుగోడు:
ముందు నంబర్ గొడవ. 2010లో నేషనల్ హైవేలకు కొత్త నంబర్లు ఇచ్చారు, అంతకుముందు 24 అంటే ఢిల్లీ - లక్నో, మీరు వెళ్ళే రోడ్డు 29ఈ. ఇప్పుడు సోనౌలీ రోడ్డే 24. పాత పేజీలు ఇంకా నెట్‌లో ఉండబట్టి అలా వస్తోంది.

ఇక నాన్నగారి లెక్క. దయచేసి రాత్రి మాత్రం బయల్దేరకండి. జనవరిలో ఇక్కడి పొగమంచు మన అరకులోలాగా ఫోటోలు దిగేది కాదు, తరాయి (హిమాలయాల కింది మైదానం) అంతా రాత్రి నుంచి పొద్దెక్కేదాకా కమ్మేసి ఉంటుంది, ఎదురుగా లైట్లు లేకుండా ఆగిన లారీ ఉన్నా దగ్గరికి వెళ్ళేదాకా తెలీదు. డ్రైవర్ "రోజూ వెళ్తూనే ఉంటాం సార్" అంటాడు, ఆ మాట నమ్మొద్దు. రైళ్ళు కూడా ఆ నెలలో గంటల కొద్దీ లేటు. రాత్రికి గోరఖ్‌పూర్‌లో గది తీసుకుని, మంచు తేలిపోయాక కదలండి.

రెండోది, గోరఖ్‌నాథ్ గుడి సరిగ్గా సోనౌలీ వెళ్ళే దారిలోనే ఉంది. మనకు సంక్రాంతి రోజు ఇక్కడ ఖిచిడీ పండగ, స్వామికి బియ్యం, పప్పు సమర్పించడానికి నేపాల్ నుంచి కూడా జనం వస్తారు. ఆ ఒక్క రోజుతో అయిపోదు, మేళా నెల రోజులు నడుస్తుంది. పండగ రోజు చుట్టుపక్కల దాటడం నరకం, తేదీ అటో ఇటో జరుపుకోండి.

ఊరు దాటాక కాంపియర్‌గంజ్, ఫరెందా, నౌతన్వా. పగలైతే టెన్షన్ లేదు. అసలు టైమంతా పోయేది చివర్లో, నేపాల్‌కు సరుకు వేసుకెళ్ళే లారీలు కస్టమ్స్ కోసం వరుస కట్టి ఉంటాయి, ఆ పక్కనుంచి దూరుకుంటూ పోవాలి. నౌతన్వా దాకా రైలు కూడా ఉంది, అక్కడ నుంచి బార్డర్ ఆటో దూరమే. మంచు రోజుల్లో నేనైతే అదే ఎక్కుతా.

ఓరుగల్లు రైడర్:
ట్యాక్సీ దాటొచ్చు అన్నా, కానీ అవతల బెలహియాలో భన్సార్ కట్టాలి, అంటే రోజుల లెక్కన కస్టమ్స్ పర్మిట్. ఆర్‌సీ ఒరిజినల్, లైసెన్స్ అడుగుతారు. దాని బదులు సోనౌలీలో దిగి గేటు నడిచి దాటి, అవతల భైరహవాలో నేపాల్ బండి మాట్లాడుకోవడం నయం, ఘాట్ రోడ్లు వాళ్ళకే అలవాటు. డబ్బుల్లో వంద నోట్లు దండిగా పెట్టుకో. ఒక ఇండియా రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఫిక్స్‌డ్ రేటు. షాపులో రేటు చెప్పగానే "ఐసీనా, ఎన్‌సీనా" అని అడుగు, ఇండియన్ కరెన్సీనా నేపాలీనా అని. అడగకపోతే ఒకటిన్నర రెట్లకు పైగా వదిలించుకుంటావ్.

ఓసీఐ అత్తయ్య:
బాబు విషయం అందరూ వదిలేశారు. ఆ గేటు దగ్గర మనల్ని పెద్దగా ఎవరూ ఆపరు, కబుర్లు చెప్పుకుంటూ దాటేస్తాం, పిల్లాడు కూడా మనతో వచ్చేస్తాడు. అదే ప్రమాదం. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సోనౌలీ బజార్లో ఉన్న మన ఇమిగ్రేషన్ ఆఫీసులో ఎగ్జిట్ స్టాంపు, అవతల నేపాల్ వీసా, రెండూ వేయించుకోవాలి. బోర్డు చూసి మీరే వెతుక్కుని లోపలికి వెళ్ళాలి. వీసా అక్కడికక్కడే ఇస్తారు, 15 రోజులకు 30 డాలర్లు, డాలర్ నోట్లే తీసుకెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు ఓసీఐ కార్డు ఒరిజినల్ చేతిలో ఉండాలి, ఫోన్లో ఫోటో కుదరదు.

అమ్మగారికి 65 దాటాయా? దాటితే ఆధార్ చెల్లుతుంది. లేకపోతే ఓటరు కార్డు కావాలి. ఓటు వేసే మనిషే కదా, బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది.

బెజవాడ బుల్లోడు:
చాలా థాంక్స్ అండీ. అమ్మకి 61, ఓటరు కార్డు వెతికిస్తున్నా. నాన్నకి మంచు సంగతి చదివి వినిపించా, "సరే చూద్దాం" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే. మరి ముక్తినాథ్?

తూర్పు యూపీలో తెలుగోడు:
జనవరిలో వద్దు. 3,700 మీటర్ల పైన, గడ్డకట్టే చలి. 108 దివ్యదేశాల్లో ఒకటని పెద్దవాళ్ళకి ఆశ ఉంటుంది, అందుకే ఏప్రిల్‌లో విడిగా పెట్టుకోండి. పోఖరాకి కూడా బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండచరియలు పడే దారి, ఆ రోజు తెరిచి ఉందో లేదో భైరహవాలో బండి మాట్లాడేటప్పుడే అడగండి.