తటస్థుడు ఒడ్డితే ఏమనాలి?

ప్రశ్న అడిగినవారు:
సభ్యులందరికీ నమస్కారం. ఒక అనువాదం మొదటి వాక్యంలోనే ఇరుక్కుపోయాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2007లో బయటపడ్డ టిమ్ డోనగీ వ్యవహారం గురించిన వ్యాసం అది. 13 సీజన్లు ఈల ఊదిన రిఫరీ. తాను మైదానంలో ఉన్న మ్యాచ్‌ల మీదే పందేలు కాశాడు. ఆ తర్వాత హైస్కూల్లో తనతో చదివిన ఇద్దరితో చేతులు కలిపాడు. వారిలో జేమ్స్ బటిస్టా జూదరి, థామస్ మార్టినో వీళ్ళిద్దరి మధ్య కబురు మోసినవాడు. ముగ్గురూ జైలుకు వెళ్ళారు.

నా ఇబ్బంది రెండు మాటలతో. మొదటిది, ఇతన్ని ఏమనాలి? రిఫరీ అని వదిలేస్తే గొడవ లేదు, కానీ ఆ పదవిలోని బరువు కనబడదు. రెండోది, ఇతను చేసిన పనిని ఏమనాలి? తొండి అంటే గోళీలాట గుర్తొస్తుంది, పైగా తొండి చేసేది ఆడేవాడు. పక్షపాతం అందామంటే ఇతనికి ఏ పక్షమూ లేదు. ఒక రాత్రి ఒక జట్టు, మర్నాడు ఇంకో జట్టు. మా డెస్క్‌లో పెద్దాయన ఒకరు తల ఎత్తకుండానే "కంచే చేను మేసింది అని పెట్టెయ్యవయ్యా, టీ చల్లారిపోతోంది" అన్నారు. నాకు తృప్తి కలగలేదు.

రిటైరైన తెలుగు మాస్టారు:
మీ పెద్దాయన్ని తప్పుపట్టను. కానీ ఆ సామెతను మన పత్రికలు అరగదీసేశాయి. లంచం తీసుకుంటూ ఏ ఉద్యోగి దొరికినా శీర్షికలో అదే కంచె, అదే చేను. చదివేవాడి కన్ను దాని మీద ఆగదు.

మొదటి మాట సంగతి చూడండి. మనకు తగవరి, తీర్పరి అని రెండు చక్కని మాటలున్నాయి. తగవు అంటే ఒకప్పుడు న్యాయం, తగినది. ఇప్పుడు తగవు అంటే కొట్లాట. న్యాయం అనే మాట నలుగుతూ నలుగుతూ కొట్లాట అయిపోయిందంటే, మన పంచాయతీలు ఎలా నడిచాయో ఊహించుకోవచ్చు. కాబట్టి తగవరి అంటే ఈ కాలం కుర్రవాడు తగవులమారి అనుకుంటాడు. వద్దు.

తటస్థుడు మాత్రం వదలకండి. తటం అంటే ఒడ్డు. ఏటిలో దిగి ఇద్దరు పెనుగులాడుతుంటే ఒడ్డున నిలబడి చూసేవాడు తటస్థుడు. ఇక తెలుగులో ఆ 'ఒడ్డు'నే క్రియగా పలికి చూడండి. ప్రాణాలొడ్డి కాపాడాడు అంటాం, పందెం ఒడ్డాడు అంటాం. వల ఒడ్డడం, ఎదురొడ్డడం అన్నప్పుడూ అదే క్రియ. గట్టు అనే అర్థమిచ్చే ఒడ్డుకూ, పణంగా పెట్టే ఒడ్డుకూ చుట్టరికం ఉందని నేను ప్రమాణం చేయను. చెవికి ఒకలాగా వినబడ్డవన్నీ అన్నదమ్ములని తేల్చేవాళ్ళు ఈ గుంపులో ఇప్పటికే చాలామంది ఉన్నారు. అయినా మీ వాక్యం మీకు దొరికినట్టే: ఒడ్డున ఉండవలసినవాడు ఒడ్డాడు.

భీమవరం సభ్యుడు:
మాస్టారూ, మా వైపు పందెం ఒడ్డడం పుస్తకాల్లోనే. నోట్లో ఉండేది పందెం కాయడం. అక్కడ కూడా మీ తమాషా ఉంది. చేను కాసినా కాయడమే, పందెం కాసినా కాయడమే. కాపలా కాయమని పెడితే పందెం కాశాడు అంటే సరిపోదా? సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డవాళ్ళకు వ్యాఖ్యానం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ఇంకొకటి. కోడి యజమానులు కట్టేది అసలు పందెం. చుట్టూ చేరిన జనం తమలో తాము కాసుకునేది పై పందెం. ఈ రిఫరీది పై పందెమే కదా? జట్లకు ఆ డబ్బుతో సంబంధమే లేదు.

న్యూజెర్సీ సభ్యుడు:
పై పందెం చాలా బాగుంది, నేను వాడుకుంటాను. కానీ ఆ పందెం ఎలా కడతారో తెలియకపోతే మాట తప్పుదారి పడుతుంది. చాలామంది దీన్ని మ్యాచ్ ఫిక్సింగ్ అంటారు. ఫిక్సింగ్ అనగానే మన మనసులో ఒక జట్టు కావాలని ఓడిపోతుంది. బాస్కెట్‌బాల్ పందేల్లో ఎక్కువగా కాసేది ఎవరు గెలుస్తారన్నదాని మీద కాదు, ఎంత తేడాతో అన్నదాని మీద.

బలమైన జట్టుకు 6 పాయింట్ల తేడా కట్టారనుకోండి. అది 7 గానీ అంతకు మించి గానీ తేడాతో గెలిస్తేనే దానిమీద కాసినవాడికి డబ్బు. సరిగ్గా 6 అయితే ఎవరి డబ్బు వాళ్ళకు. 5 పాయింట్లతో గెలిస్తే జట్టు నెగ్గినట్టు, దాన్ని నమ్ముకున్నవాడు ఓడినట్టు. ఇప్పుడు చివరి నిమిషంలో 5 పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు ఒక ఈల మోగింది, ఫౌల్‌కు బదులుగా దొరికే ఒక్కో పాయింటు విసుర్లు, అంటే ఫ్రీ త్రోలు, రెండు పడ్డాయి, తేడా 7 అయింది. గెలవవలసిన జట్టే గెలిచింది. ఓడిన జట్టు ఎలాగూ ఓడేదే. స్టేడియంలో ఉన్న 18,000 మందిలో ఎవరికీ అనుమానం రాదు. డబ్బు మాత్రం జేబు మారిపోయింది. రిఫరీ అవినీతికి ఇంతకన్నా వీలైన ఆట ఇంకొకటి లేదేమో, ఎందుకంటే ఇందులో ఒంటికి ఒళ్ళు తగలని నిమిషం ఉండదు. ఊదినా సమర్థించుకోవచ్చు, ఊదకపోయినా సమర్థించుకోవచ్చు.

కర్నూలు సభ్యుడు:
పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అన్న సామెత ఉంది కదా, అది ఎవరూ ఎత్తలేదేం?

రిటైరైన తెలుగు మాస్టారు:
పిల్లి పిట్టలనే తింటుంది నాయనా. ఇక్కడ పిట్టలు రెండూ క్షేమంగా ఎగిరిపోయాయి. తిన్నది చెట్టు కింద లెక్కలు వేసుకుంటున్నవాళ్ళను. సామెత మంచిదే, ఈ కథకు కుదరదు.

హైదరాబాద్ సభ్యురాలు:
నేను కోర్టు వార్తలు రాసిన మనిషిని, అందుకని ఒక పేచీ పెడతాను. మీరంతా అతను మైదానంలో చేసిన పనికి పేరు వెతుకుతున్నారు. కోర్టులో అతను ఒప్పుకున్నది ఏమిటో చూశారా?

2007 ఆగస్టు 15న బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో డోనగీ రెండు నేరాలు ఒప్పుకున్నాడు. ఒకటి వైర్ ఫ్రాడ్‌కు, అంటే ఫోన్ వంటి సాధనాల ద్వారా చేసే మోసానికి, కుట్ర, రెండోది రాష్ట్రాల సరిహద్దులు దాటించి పందేల సమాచారం పంపడం. దొంగ ఈల ఊదానని అతను ఎక్కడా ఒప్పుకోలేదు, ఆ తర్వాత కూడా కాదంటూనే వచ్చాడు. లీగ్ నియమించిన న్యాయవాది లారెన్స్ పెడోవిట్జ్ 2008 అక్టోబరులో ఇచ్చిన నివేదిక కూడా అతను మ్యాచ్‌లను తారుమారు చేశాడని తేల్చలేకపోయింది. పందెం కాసిన రిఫరీ ఇంకొకరు కనబడలేదనీ చెప్పింది. నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. తన పందెం నడుస్తున్న మ్యాచ్‌లో మనిషి చేతికి, కంటికి, నోట్లో ఉన్న ఈలకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందంటే నేను నమ్మను. కానీ అనువాదకుడు నా నమ్మకాన్ని వాక్యంలో పెట్టకూడదు.

అతను అమ్మింది కబురు. ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీలు వస్తున్నారు, ఏ రిఫరీకి ఏ ఆటగాడితో పొత్తు కుదరదు, ఎవరి ఒంట్లో బాగాలేదు, ఇవీ సరుకులు. అప్పట్లో రిఫరీల పేర్లు ఆటకు సుమారు గంటన్నర ముందుదాకా గుట్టుగా ఉంచేవారు. దీనికి మనం రోజూ వాడే మాట ఒకటి ఉంది. ఉప్పందించడం. దొంగల జాడ పోలీసులకు ఉప్పందితే దాడి, దాడి సంగతి దొంగలకు ఉప్పందితే పరారు. రెండు వైపులా పనిచేసే మాట. ఇంతకన్నా ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు:
అమ్మా, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంత దగ్గర ఉన్న మాట నాకు తట్టనేలేదు. ఉప్పు ఎలా అందించేవాడో ఆ ముక్క తెలుగు చేయడానికే నాకు ఒక పూట పట్టింది. మార్టినోకు చక్, జానీ అని ఇద్దరు సోదరులు. ఫోన్లో మాటల మధ్య చక్ ప్రస్తావన వస్తే సొంతగడ్డ జట్టు మీద కాయమని, జానీ పేరు వస్తే బయటినుంచి వచ్చిన జట్టు మీద కాయమని సంకేతం. వినేవాడికి అదంతా ఇంటి క్షేమసమాచారం. ఇక్కడ ఇంగ్లీషు హాయిగా తప్పించుకుంది. నేను మాత్రం అన్నా, తమ్ముడా అని తల పట్టుకుని, చివరికి 'సోదరుడు' దగ్గర తలదాచుకున్నాను. తెలుగు ఇంట్లో ఈ సంకేతం ఒక్క రోజులో బయటపడేది. ఎప్పుడూ పెద్దవాడినే అడుగుతావు, చిన్నవాడు ఏం పాపం చేశాడని అమ్మ అడిగేది.

ఇంకో చిక్కు. బటిస్టాకు 'బాబా' అనే మారుపేరు ఉంది. దాన్ని అలాగే రాస్తే మన పాఠకులు ఆశ్రమాన్ని ఊహించుకుంటారు. తీసేశాను.

న్యూజెర్సీ సభ్యుడు:
ఉప్పు ధర కూడా రాయండి. చెప్పిన పందెం నెగ్గితే 2,000 డాలర్లు, తర్వాత 5,000. తప్పితే ఇతని చేతినుంచి పోయేదేమీ లేదు. ప్రభుత్వం చూపిన లెక్క ప్రకారం ఇతనికి ముట్టింది సుమారు 30,000 డాలర్లు. ఆ సీజన్లో ఇతని జీతం 2,60,000. పడిన శిక్ష 15 నెలలు. ఒక చోట ఉప్పు తిని మరో చోట ఉప్పందించాడు, అదీ ఇంత చవకగా.

భీమవరం సభ్యుడు:
జూదంలో పోగొట్టుకున్నవాడికి లెక్క వేరుగా ఉంటుందన్నా. మా ఊళ్ళో ఎకరాలు పోయినవాడు చివరి పందెం బండెద్దు మీద కాస్తాడు. వాడిని జీతమెంత అని ఎవరూ అడగరు.

కర్నూలు సభ్యుడు:
ముగ్గురూ కుమ్మక్కయ్యారు అంటే ఒక్క మాటలో పోతుంది కదా?

రిటైరైన తెలుగు మాస్టారు:
పోతుంది. మంచి మాట పట్టుకున్నావు ఈసారి. కుమ్మక్కు మనకు ఉర్దూ మీదుగా వచ్చింది, అక్కడ కుమక్ అంటే సాయం, యుద్ధంలో ఆదుకోవడానికి వచ్చే అదనపు బలగం. సాయం మన దగ్గరికి వచ్చి కుట్ర అయింది. అటు తగవు, ఇటు కుమ్మక్కు, రెండూ గౌరవంగా బయలుదేరి చెడ్డపేరు తెచ్చుకున్న మాటలే. మాటలకే దిక్కు లేనప్పుడు రిఫరీని ఏమనగలం.

కాకపోతే కుమ్మక్కులో ముగ్గురూ సమానం. ఉప్పందించడంలో ఇచ్చినవాడు ఎవరు, పుచ్చుకున్నవాడు ఎవరు అన్నది తెలుస్తుంది. అనువాదంలో రెండూ వాడండి. కుట్ర గురించి చెప్పేచోట కుమ్మక్కు, సమాచారం గురించి చెప్పేచోట ఉప్పు.

హైదరాబాద్ సభ్యురాలు:
లీగ్ తర్వాత చేసిన పని ఒకటి మీ మాటకు బాగా అతుకుతుంది. 2007 అక్టోబరు నుంచి రిఫరీల పేర్లు మ్యాచ్ రోజు పొద్దున్నే అందరికీ చెప్పేయడం మొదలుపెట్టారు. ఉప్పు ఊరందరికీ పంచేస్తే ఇక అందించడానికి ఏముంటుంది? అదే సమయంలో ఇంకో సంగతి బయటికొచ్చింది. జూదం మీద లీగ్ పెట్టిన నిషేధాన్ని రిఫరీలందరూ ఏదో ఒక రూపంలో మీరారట, వారిలో కనీసం సగం మంది క్యాసినోల్లో. బాస్కెట్‌బాల్ మీద కాదు. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఎవరినీ శిక్షించలేదు, ఆచరణకు నిలవని నియమాన్నే సడలించారు.

న్యూజెర్సీ సభ్యుడు:
'అక్రమ పందెం' అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. అప్పట్లో అమెరికాలో ఆటల మీద పందెం నెవాడా వంటి కొద్ది చోట్ల తప్ప చట్టవిరుద్ధం. మా రాష్ట్రం వేసిన వ్యాజ్యంలోనే 2018 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఇక్కడ ఫోన్లో కాయవచ్చు, పన్ను కూడా కడతారు. అయినా రిఫరీ కాస్తే నేటికీ నేరమే. అంటే తప్పు పందెంలో లేదు, కాసిన మనిషి నిలబడ్డ చోటులో ఉంది. అందుకే మాస్టారి ఒడ్డు నాకు నచ్చింది. అక్రమ అనే విశేషణాన్ని పందేనికి తగిలిస్తే ఆ తేడా మాయమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"ఒడ్డున నిలబడవలసిన తటస్థుడు తానే పందెం ఒడ్డాడు. 13 సీజన్లు ఎన్‌బీఏలో రిఫరీగా పనిచేసిన టిమ్ డోనగీ తన మ్యాచ్‌ల మీద తానే కాయడమే కాక, ఏ జట్టు మీద కాయాలో పాత సహాధ్యాయులకు ఉప్పందించి ప్రతి గెలుపుకూ డబ్బు పుచ్చుకున్నాడు."

రిటైరైన తెలుగు మాస్టారు:
'తానే' రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసెయ్యండి. మిగతాది బాగుంది.

ప్రశ్న అడిగినవారు:
తీశాను. డెస్క్‌లో పెద్దాయన ఉప్పందించడం ఉంచి తటస్థుణ్ణి కొట్టేశారు, పాఠకుడికి నిఘంటువు కొనిపెట్టలేమట. మళ్ళీ రిఫరీయే. సాయంత్రం ఇంటికెళ్తూ మా వీధి చివర స్కూలు గ్రౌండు దగ్గర ఆగాను. పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, వ్యాయామం మాస్టారు ఈల పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని ఏమని పిలుస్తారో విందామని ఐదు నిమిషాలు నిలబడ్డాను. రిఫరీ అని ఒక్కరూ అనలేదు. "సార్, ఫౌల్ సార్! చూడలేదా సార్!"