బక్త్‌సింగ్ గారి క్రైస్తవ పరిచర్య (సువార్త సేవ) ఎలా మొదలైంది?

ప్రశ్న: పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లాండు వెళ్ళిన బక్త్‌సింగ్ గారు హైదరాబాదులో హెబ్రోను అనే క్రైస్తవ ఆరాధనా కేంద్రాన్ని ఎలా స్థాపించారో పెద్దలెవరైనా వివరించగలరా?

జవాబు: 1929లో కెనడాలో ఆయన క్రీస్తును నమ్ముకున్నారండి. 1933లో బొంబాయి తిరిగివచ్చి వీధుల్లో సువార్త ప్రకటించారు. 1941లో మద్రాసులో మొదటి పరిశుద్ధ సమావేశం (విశ్వాసులు కొన్ని రోజులపాటు కలిసి ఆరాధించే సభ) జరిపి, 1950లో హైదరాబాదులో హెబ్రోను ప్రారంభించారు.

మరొక జవాబు: తేదీలకన్నా ఆయన పద్ధతి ముఖ్యమని నా అభిప్రాయం. చెప్పులు బయట విడిచి, నేల మీద చాపలపై కూర్చుని గంటల తరబడి ఆరాధించి, ఆ తర్వాత కులభేదం లేకుండా అందరూ ఒకే బంతిలో ప్రేమవిందు భుజించడం, విదేశీ మిషన్ల నీడలో పెరిగిన మన సంఘాలకు ఎంతో కొత్త.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండి. ఆయన 2000 సెప్టెంబరులో హైదరాబాదులోనే కన్నుమూశారని మా అమ్మగారు చెప్పారు.