చెవి కారుడు ఆగుతలేదు, వినికిడి తగ్గింది: మిషనా, ఆపరేషనా?

దేవరకొండ_అక్క:
మా తమ్మునికి 15 ఏండ్లు, పదో తరగతి. ఎడమ చెవి మూడేండ్ల సంది కారుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉందన్నరు. చుక్కల మందు ఏసినన్ని రోజులు తగ్గుతది, ఆపితే నెలకు మళ్లా మొదలు. వినికిడి పరీక్షల ఎడమ 45, కుడి 15 డెసిబెల్స్ (లెక్క ఎక్కువుంటే వినికిడి అంత తక్కువన్నట్టు). క్లాసుల సగమే వినపడుతుందట. వినికిడి మిషన్ పెట్టియ్యాల్నా? సదరం (వికలాంగుల) సర్టిఫికెట్ వస్తదా?

పాలమూరు_నర్సు:
చీము తుడవకుండ మందు ఏస్తే పైపైనే ఉంటది, లోపలికి దిగదు. చాలా ఇండ్లల్ల జరిగే తప్పు ఇదే. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డ పీలికను ఒత్తి లెక్క పేని, చెవిని పైకి, ఎనకకు లాగి మెల్లగ పెట్టాలె. తడిసినంక పారేసి ఇంకోటి, పొడిగ వచ్చేదాక. రోజుకు 3, 4 సార్లు. ఆ తర్వాతనే మందు. సీసను రెండు నిమిషాలు గుప్పిట్ల పట్టుకోండి, సల్లగ ఏస్తే కండ్లు తిరుగుతయి. పక్కకు పండబెట్టి, చెవి ముందటి బుడిపెను నాలుగైదు సార్లు నొక్కితే లోపలికి పోతది. 5 నిమిషాలు లేవొద్దు.

రంధ్రం ఉన్న చెవికి డాక్టర్లు ఎక్కువగ సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ చుక్కలే రాస్తరు. ఇంట్ల ఉన్న జెంటామైసిన్, నియోమైసిన్ సీసలు సొంతంగ వాడొద్దు, లోపలి చెవిని దెబ్బతీయొచ్చు. ఎల్లిపాయ నూనె అసలే పోయొద్దు.

మళ్లా మళ్లా కారుడుకు పెద్ద కారణం నీళ్లు. ఉత్త దూది నీళ్లు పీలుస్తది, వాజిలిన్ పూసిన దూది పెట్టి తలకు పోసుకోవాలె. బాయిల ఈత, కాలువల మునుగుడు బందు.

ఆడియాలజీ_నల్లగొండ:
45 ఒక్కటే చూస్తే తెల్వదు. రిపోర్టుల గాలి ద్వారా ఎంత వినపడుతుంది, ఎముక ద్వారా ఎంత వినపడుతుంది అని రెండు గీతలుంటయి. ఎముక గీత 10, 15 దగ్గరుంటే నరం మంచిగున్నట్టు, ఆపరేషన్‌తోని వినికిడి పెరగొచ్చు. రెంటి నడుమ తేడా 40 దాటితే లోపలి చిన్న ఎముకలు అరిగినయేమో చూడాలె. చెవి ఆరినంక ఇంకోసారి పరీక్ష చేయించండి.

కారే చెవిల మామూలు మిషన్ పెడితే దాని అచ్చు (చెవిల దూరే ముక్క) చెవిని మూస్తది, గాలాడక చీము ఎక్కువైతది. అచ్చుకు గాలి రంధ్రం పెట్టియ్యాలె, లేదంటే తలకు పట్టీతో పెట్టే, ఎముక ద్వారా శబ్దం పంపే మిషన్.

అప్పటిదాక క్లాసుల ఎడమ చివర, ముందు వరుసల గోడ పక్కకు కూసోబెట్టండి, కుడి చెవి సార్ వైపు ఉంటది. ఫ్యాన్ కింద వద్దు. సదరం ఆశ పెట్టుకోవద్దు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులల్ల 60 డెసిబెల్స్ లోపం ఉండాలె.

దేవరకొండ_అక్క:
ఎముక గీత 10 ఉంది. చీము కొంచెమే గని కుళ్లు వాసన. ఆపరేషన్ పదో తరగతి పరీక్షలైనంక చేయిద్దామా?

పాలమూరు_నర్సు:
వాసన ఉంటే ఆగొద్దు. కొలెస్టియాటోమా (కర్ణభేరి ఎనక పేరుకునే చర్మపు గడ్డ) కావొచ్చు, అది ఎముకను తింటది. మైక్రోస్కోప్ కింద చూపించి, అవసరమైతే సీటీ స్కాన్. నల్లగొండ మెడికల్ కాలేజీ ఆస్పత్రిల ఈఎన్‌టీ ఉంది, లేదంటే హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి. ఆరోగ్యశ్రీ సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. మూతి వంకర పోయినా, చెవి ఎనక వాచినా, జ్వరంతోని గట్టి తలనొప్పి వచ్చినా, కండ్లు గిర్రున తిరిగినా అదే రోజు తీస్కపోవాలె.