షట్టర్ మార్పించాలా, గ్లోబల్ షట్టర్ ధర దిగేదాకా ఆగాలా?

తిరుపతిలో పెళ్లి ఫొటోలు తీస్తాను. నా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ కొట్టిన సార్లు) 2,30,000 దాటింది. పది రోజులుగా మెకానికల్ షట్టర్ ఐదారు ఫొటోలకోసారి ఇరుక్కుంటోంది. తెర కదలకుండా సెన్సర్ వరుస వెంట వరుసగా ఫొటోను చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో నెట్టుకొస్తున్నాను. ఆ చదివే లోపు లైటు మినుకుమంటే ఫొటోలో చారలు పడతాయి.

మొన్న తిరుచానూరులో తెల్లవారుజామున ముహూర్తం, స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్. తాళి కట్టే ఫొటోలో పెళ్లికొడుకు తెల్ల పంచె మీద అడ్డంగా నల్ల చారలు, ఎవరో కొత్త అంచు నేసినట్టు! నాకు నవ్వొచ్చింది, పెళ్లివాళ్లకు రాదు కదా.

1/50, 1/100 స్పీడ్‌లు పెట్టి చూశాను. మామూలు లైట్ల చారలు పోయాయి, వాల్ వల్ల వచ్చేవి పోలేదు. లైట్ల మినుకును తప్పించే యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ నా కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో పనిచేయదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్, రీసెట్ కూడా అయ్యాయి. చెన్నైలో షట్టర్ మార్చడానికి 19,000 అడిగారు. బాడీ అమ్మితే 45,000 వస్తే గొప్ప.

సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ ఉంటే ఇలాంటి చారల బాధ దాదాపు ఉండదు. కానీ అది ఉన్న సోనీ ఏ9 III కెమెరాను 2023లో ప్రకటించినప్పుడు ధర సుమారు 6,000 డాలర్లు. 1999లో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా నికాన్ డీ1 కూడా సుమారు 5,000 డాలర్లు, నాలుగేళ్లకే మరో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెనాన్ 300డీ 900 డాలర్లకు దొరికింది. అయితే అప్పుడు మార్కెట్ పెరుగుతోంది. ప్రపంచవ్యాప్తంగా 2010లో 12 కోట్లు దాటిన డిజిటల్ కెమెరాల సరఫరా 2023లో 80 లక్షలకు చేరలేదు. ధర అంత వేగంగా దిగుతుందా అని నా అనుమానం.

మాఘమాసం ముహూర్తాల్లోపు తేల్చుకోవాలి. మీరైతే ఈ బాడీకి 19,000 పెట్టి ఇంకో రెండు మూడేళ్లు లాగుతారా, లేక ఇప్పుడే అమ్మేసి వేరేది కొంటారా?