అప్‌డేట్: మౌంట్ హేగన్ దగ్గర కనిపించిన ఎరుపు-నలుపు పిట్ట ఏదో తేలింది

పాపువా న్యూగినీలో, మౌంట్ హేగన్ పై కొండ అడవిలో తీసిన ఫొటో పెట్టి, నల్ల తల, మెడ చుట్టూ ఎరుపు, వంగిన సన్న ముక్కు ఉన్న ఈ పిట్ట ఏంటని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. అక్కడి బర్డింగ్ గైడ్‌కి ఫొటోలు చూపిస్తే చూడగానే చెప్పేశాడు: రెడ్-కాలర్డ్ మైజోమెలా, మగది.

ఎక్కువమంది మన తేనెపిట్ట లాంటిదే అన్నారు. ఆ ముక్కు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, కానీ ఇది హనీఈటర్లనే వేరే పిట్టల కుటుంబం, తేనెపిట్టలకీ వీటికీ దగ్గరి చుట్టరికం లేదు, రెండూ పూలలో తేనె తాగేవే కాబట్టి ముక్కు అలా కుదిరిందంతే. మౌంటెన్ మైజోమెలా అన్నవాళ్లు చాలా దగ్గరికొచ్చారు. కాకపోతే అందులో మగదానికి తలే ఎరుపు, ఒళ్లు బూడిద రంగు. దీనికి తల, గొంతు నిగనిగలాడే నలుపు, ఎరుపేమో మెడ వెనక నుంచి రొమ్ము మీదికి పట్టీలా చుట్టుకుని వస్తుంది, వీపు కింద కూడా ఉంటుంది. గుర్తుపట్టడానికి అది చాలు.

ఇంకో ఫొటోలో ఉన్న గోధుమరంగు పిట్ట వేరే జాతి కాదట, దీని ఆడదే. గొంతు దగ్గర కాస్త ఎరుపుంది, జూమ్ చేసి చూడండి.