హోషేయ 11:1 మెస్సీయ గురించిన ప్రవచనమని ఎలా చెప్పగలం?

అందరికీ వందనాలు. హేరోదు రాజు చనిపోయేవరకు శిశువైన యేసు ఐగుప్తులో ఉండడం, "ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని" అన్న హోషేయ ప్రవక్త మాట నెరవేర్పు అని మత్తయి 2:15 చెబుతోంది. కానీ హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు ఐగుప్తు నుండి పిలిచిన కుమారుడు ఇశ్రాయేలు జనాంగమే. అది జరిగిపోయిన సంగతి. పైగా రెండో వచనంలో ఆ కుమారుడు బయలు దేవతలకు బలులు అర్పిస్తున్నాడు! దాన్ని యేసుకు ఎలా అన్వయించాలి?

మీకా 5:2తో నాకు ఈ చిక్కు లేదు. అక్కడ బేత్లెహేము నుండి రాబోయే పాలకుడి గురించే సూటిగా ఉంది.

ఇశ్రాయేలు తప్పిపోయిన దారిలోనే యేసు నమ్మకంగా నడిచాడని, అదే నెరవేర్పు అని కొందరు వివరిస్తారు. అరణ్యంలో వారికి నలభై ఏళ్లు, ఆయనకు నలభై రోజులు. అక్కడ శోధకుడైన సాతానుకు ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము నుండే. ఈ వివరణ నా మనసుకు బాగా హత్తుకుంది. అయితే దీనికి హద్దు ఎక్కడ? ఇదే పద్ధతిలో పాత నిబంధనలోని ఏ వచనాన్నైనా క్రీస్తుకు ముడిపెట్టవచ్చా, లేక అపొస్తలులు చూపినంతవరకే ఆగాలా? లేఖనాన్ని లోతుగా ధ్యానించినవారు దయచేసి సందర్భంతో సహా వివరించండి.