ఎక్స్‌పల్స్ 200 4వి: 98 కిలోల రైడర్‌కు ఎంత గట్టి స్ప్రింగ్ కావాలి?

రాళ్లబాట:
బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వి, సస్పెన్షన్ అంతా కంపెనీదే. హెల్మెట్, బూట్లు, ఆర్మర్, నీళ్ల బ్యాగు అన్నీ వేసుకుని తూకం చూసుకుంటే 98 కిలోలు. వికారాబాద్ వైపు రాళ్ల బాటల్లో వెనక షాక్ మాటిమాటికీ చివరిదాకా నొక్కుకుని అడుగంటుతోంది. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) చివరి మెట్టులో ఉంది. సాగ్ (బరువుకు సస్పెన్షన్ దిగే దూరం) కొలతలు: వెనక ఖాళీ బండికి 8 మి.మీ., నేను కూర్చుంటే 60. ముందు ఖాళీకి 38, నాతో 68. వెనక ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరం) 170 కాబట్టి 60 అంటే ఇంచుమించు మూడో వంతే కదా, మరి ఎందుకు అడుగంటుతోంది? స్ప్రింగ్ మార్చాల్సిందేనా, ముందు ఫోర్క్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందా?

స్ప్రింగ్‌లెక్క:
అన్నా, సమాధానం మీ 60లో లేదు, ఆ 8లో ఉంది. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎత్తు లేస్తుంది, అంతే. స్ప్రింగ్‌ను ఇంకో 1 మి.మీ. నొక్కడానికి ఎంత బరువు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. మెత్తటి స్ప్రింగ్‌ను బిగించి బిగించి 60 తెచ్చారు, దాంతో ఖాళీ సాగ్ 8కి పడిపోయింది. ఇలాంటి ట్రావెల్‌కు వెనక 15-18 మి.మీ. ఖాళీ సాగ్ ఉండాలి. అది తగ్గితే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికి చోటు ఉండదు, వెనక భాగం ఎగిరి తంతుంది. చాలామంది ఇక్కడే తిరగేసి అర్థం చేసుకుంటారు: రైడర్ సాగ్ సరిగ్గా పెట్టాక ఖాళీ సాగ్ తక్కువగా ఉంటే స్ప్రింగ్ మెత్తన, ఎక్కువగా ఉంటే గట్టి.

ఎంత గట్టిది కావాలో మీ కొలతల్లోనే ఉంది. మీరు ఎక్కడం వల్ల వెనక దిగింది 60లోంచి 8 తీస్తే 52. కావలసింది రైడర్ సాగ్ 56, ఖాళీ 16, అంటే తేడా 40. 52ను 40తో భాగిస్తే 1.3. ఇప్పుడున్న స్ప్రింగ్ రేటు (1 మి.మీ. నొక్కడానికి పట్టే బరువు) మీద 30 శాతం ఎక్కువది చూడండి. ముందు 190 ట్రావెల్‌కు లక్ష్యం రైడర్ సాగ్ 55, ఖాళీ 30 అనుకుంటే తేడా 25. మీకు వస్తున్నది 30. అంటే 20 శాతం చాలు. రైడర్ బరువులో ఎక్కువ భాగం వెనకే పడుతుంది కాబట్టి ముందు, వెనక ఒకే శాతం రాకపోవడం సహజమే.

ఖాళీ సాగ్ సున్నా ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ప్రీలోడ్ కొంచెం వదిలి మళ్లీ కొలవాలి.

గ్రీజుచేతులు:
కొలత సరిగా రాకపోతే లెక్కంతా పాడు. ముందు, వెనక రెండింటికీ ఒక్కోసారి బండిని నొక్కి మెల్లగా పైకి వదిలి చూడండి, ఒక్కోసారి పైకి ఎత్తి మెల్లగా దించి చూడండి. సీళ్లు పట్టేయడం వల్ల రెండు అంకెలు వేరుగా వస్తాయి, సగటు తీసుకోండి. వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన ఫెండర్ మీద అంటించిన టేపు గుర్తు వరకు కొలవాలి. టేపు ఏటవాలుగా పట్టుకుంటే 5 మి.మీ. ఊరికే తేడా వస్తుంది. మొత్తం గేర్ వేసుకుని కూర్చోండి, ఇంకొకరు కొలవాలి.

ఫోర్క్ ఆయిల్ గురించి: చిక్కటి ఆయిల్ బరువు మోయదు. ఫోర్క్ కదిలే వేగాన్ని తగ్గిస్తుంది. వరుస గుంతల్లో పైకి లేవడానికి టైం చాలక ఫోర్క్ కిందకే దిగిపోతూ ఉంటుంది, అప్పుడు ఇంకా త్వరగా అడుగంటుతుంది. ఆయిల్ మట్టం పెంచడం వేరే సంగతి. స్ప్రింగ్ తీసేసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి పెట్టి, ఆయిల్ పైన గాలి ఖాళీ కొలవండి. దాన్ని 10 మి.మీ. తగ్గిస్తే చివరి మూడో వంతులో మాత్రమే గట్టిపడుతుంది. సాగ్ దాదాపు మారదు.

రాళ్లబాట:
వెనకకు సరైన రేటు రెడీమేడ్‌గా దొరకట్లేదు. స్ప్రింగులు చుట్టే వర్క్‌షాప్‌లో చేయించుకోవచ్చా? లేక ఉన్నదాన్నే ఒక చుట్టు కోయించాలా?

స్ప్రింగ్‌లెక్క:
కోయించొద్దు. చుట్టు తగ్గితే రేటు పెరిగే మాట నిజమే, కానీ పొడవు తగ్గుతుంది, కోసిన చివర చదునుగా కూర్చోదు, స్ప్రింగ్ పక్కకు వంగి షాక్ బాడీని గీకుతుంది. పైగా షాక్ పూర్తిగా నొక్కుకునేలోపే చుట్లు ఒకదానికొకటి తగిలితే ఆ దెబ్బ నేరుగా షాక్ మౌంట్‌కు వెళ్తుంది.

చేయించేటప్పుడు తీగ మందం, సగటు వ్యాసం, పనిచేసే చుట్లు, వదులు పొడవు నాలుగూ రాసివ్వండి. రేటు తీగ మందానికి 4వ ఘాతంలో పెరుగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 10 మి.మీ. తీగను 10.7 చేస్తే 30 శాతం పెరిగిపోతుంది. 11 పెడితే 46 శాతం, అది మీకు మరీ ఎక్కువ. అందుకే తీగను వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి, పెయింట్ గీకి. వచ్చిన స్ప్రింగ్‌లో చుట్ల మధ్య సందులన్నీ కలిపితే షాక్ స్ట్రోక్, ప్రీలోడ్ కలిసినదానికంటే కనీసం 5 మి.మీ. ఎక్కువ ఉండాలి.

గ్రీజుచేతులు:
ఇంకొకటి. 30 శాతం గట్టి స్ప్రింగ్ అంతే జోరుగా వెనక్కి తోస్తుంది. మీ షాక్‌కు రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి లేచే వేగం) సర్దే స్క్రూ లేదు, కాబట్టి దిగుడు బాటలో వెనక చక్రం ఎగిరి ముందుకు నెట్టినట్టు అనిపిస్తే తప్పు స్ప్రింగ్‌ది కాదు, షాక్ లోపలి వాల్వింగ్ (ఆయిల్ పారే వేగాన్ని అదుపు చేసే భాగాలు) మార్చాలి, లేదా రీబౌండ్ సర్దుకునే షాక్ వేసుకోవాలి.

ఫోర్క్ మూతలు విప్పేటప్పుడు ముందు చక్రం నేలకు తగలకుండా బండిని లేపి పెట్టండి, మూత మీద అరచేయి గట్టిగా నొక్కి పట్టండి. చివరి మరలో స్ప్రింగ్ మూతను ఎగరేస్తుంది. అన్నీ బిగించాక ఒక ఫోర్క్ ట్యూబ్‌కు జిప్ టై కట్టి మీ మామూలు బాటలో ఒక రౌండ్ వెళ్లండి. అన్నిటికంటే పెద్ద దెబ్బ తర్వాత అది చివరికి 10 మి.మీ. దూరంలో ఆగితే ముందు స్ప్రింగ్ సరిపోయినట్టే. 40 దగ్గరే ఆగితే ఒక మెట్టు మెత్తటిది వేయండి.